సార్ ఉన్నారా అమ్మా?

సంక్రాంతి వెళ్ళిన వారం. గాజువాక వైపు ఒక కలప అడితికి వెళ్ళాను. పాత పెంకుటిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలు, వాసాలు, తలుపు చెక్కలు అక్కడ గుట్టలుగా పోసి అమ్ముతారు. నా చేతిలో కాగితం ఉంది. కాగితం మీద కొలతలున్నాయి. ఆరడుగుల చెక్కలు 6, మూడడుగులవి 6, వెడల్పు ఎనిమిది అంగుళాలు, మందం అంగుళంన్నర, మూలలకి నిలువు ముక్కలు 4.

బల్ల దగ్గర కూర్చున్నాయన కాగితం చూడలేదు. నా వెనక్కి చూశాడు.

"సార్ రాలేదేటమ్మా?"

"ఏ సారు?"

"అదే, మీ సారు. కొలతలు సెప్పాలి కదా."

"కొలతలు ఇదిగో, రాసే తెచ్చాను."

"అలగే అనుకోండి. ఓపాలి సార్‌కి ఫోన్ కలపండి, మాటాడేస్తాను."

మా సారు ఆ టైముకి ఇంట్లో మంచం మీద పడుకుని క్రికెట్ చూస్తున్నారు. ఆయనకి ఎనిమిదంగుళాల చెక్కకీ పన్నెండంగుళాల చెక్కకీ తేడా తెలియదు. తెలియనక్కర్లేదు కూడా, ఎందుకంటే ఈ పని ఆయనది కాదు. కానీ ఆ అడితిలో నా కాగితం కంటే ఆయన "ఊఁ" అనడానికే విలువ ఎక్కువ.

ఈ మాట నాకు కొత్త కాదు. మీకూ కొత్త కాదు. ప్లంబర్ అడుగుతాడు, ఇన్వర్టర్ బాగుచేసేవాడు అడుగుతాడు, బోరు మోటారు చూడ్డానికి వచ్చినవాడు గేటు దగ్గరే నిలబడి అడుగుతాడు. "సార్ ఉన్నారా అమ్మా?" ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఈసారి మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పడానికే ఈ పోస్టు.

నాకు కావలసింది చిన్న విషయం. కూర్మన్నపాలెంలో మాది చిన్న ఇల్లు. వెనక వైపు పెరడని పిలుచుకునే కాస్త జాగా. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12న అక్కడున్న మామిడి చెట్టు కూకటివేళ్ళతో లేచిపోయింది. ఆ తర్వాత అక్కడ సిమెంటు చేయిద్దామని మావారు, కారు షెడ్డు వేద్దామని మా అబ్బాయి. ఈలోగా ఏళ్ళు గడిచాయి. అక్కడ విరిగిన కుర్చీలు, పాత కూలరు, ఖాళీ పెయింట్ డబ్బాలు చేరాయి. నేను అక్కడ నేల తవ్వకుండా, నడుమెత్తున చెక్కలతో ఒక తొట్టి కట్టి, లోపల షీటు పరిచి, నీళ్ళు నింపి చేపలు వేసుకుందామనుకున్నాను. ఒక కలువ మొక్క. పక్కన కూర్చోడానికి ఒక స్టూలు. అంతే.

ఇంట్లో చెప్పగానే వచ్చిన మొదటి ప్రశ్న "ఎలా?" కాదు. "దేనికి?"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆడదాని సరదాలకి మన ఇళ్ళలో ఒక జాబితా ఉంది, గమనించారా? మేడమీద ఆకుకూరలు పెంచితే మెచ్చుకుంటారు, కూర వస్తుంది కాబట్టి. కుట్టుమిషన్ నేర్చుకుంటే మంచిదే, జాకెట్ కుట్టుకూలి మిగులుతుంది కాబట్టి. ఊరగాయలు పెడితే మరీ మంచిది, అమెరికా వెళ్ళే సూట్‌కేసులో ఎక్కుతాయి కాబట్టి. మన సరదా చివరికి ఎవరో ఒకరి కంచంలోకో, ఒంటిమీదకో, సూట్‌కేసులోకో వెళ్ళాలి. అప్పుడే అది సరదా. కాకపోతే తిక్క. నేను పెంచే చేపల్ని పులుసు పెడతానంటే ఎవరూ "దేనికి?" అని అడిగేవారు కాదు.

సరే, వాళ్ళ అభ్యంతరాలన్నీ కొట్టిపారేయను. కొన్ని నిజమైనవే. ఒక్కొక్కటీ తీసుకుంటాను.

మొదటిది నీళ్ళు. మా అత్తయ్యకి డెబ్భై తొమ్మిదేళ్ళు. "తాగడానికే నీళ్ళు కొలుచుకునే ఊళ్ళో చేపలకి పోస్తావా?" అన్నారు. ఆ మాటలో అన్యాయం లేదు. తాటిపూడి, రైవాడ, మేఘాద్రి గెడ్డ, ఏలేరు కాలువ, ఇన్నిచోట్ల నుంచి తెచ్చుకుంటేగాని ఈ ఊరి కుళాయిలు తడవవు. అందుకని లెక్క వేశాను. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, నీళ్ళు ఇరవై ఒక్క అంగుళాల లోతు. అంటే ముప్ఫై ఒకటిన్నర ఘనపు అడుగులు. ఘనపు అడుగుకి 28 లీటర్ల పైచిలుకు. మొత్తం సుమారు 900 లీటర్లు. అది ఒక్కసారి నింపేది. ఆ తర్వాత ఎండకి ఆవిరయ్యేది రోజుకి ఒక బకెట్ లోపే. వారానికోసారి మార్చే నీళ్ళు మొక్కలకే పోతాయి, చేపల మలంతో ఉన్న ఆ నీళ్ళు మొక్కలకి మంచి ఎరువు కూడా. మా వీధిలో కారు కడిగే పైపు అరగంట తెరిచే ఉంటుంది. దాన్ని ఎవరైనా "దేనికి?" అన్నారా?

రెండోది దోమలు. ఇదీ నిజమైన భయమే. డెంగీ దోమ మురికి కాలువలో కాదు, మన ఇంట్లో నిలవున్న మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. ఎండాకాలంలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే అంటూ వారానికోసారి తొట్లు ఒలిచి ఆరబెట్టమంటారు. కానీ చేపలున్న నీటిలో దోమ పిల్లలు బతకవు. మునిసిపాలిటీ వాళ్ళే చెరువుల్లో, బావుల్లో గంబూసియా చేపల్ని వదిలేది అందుకే కదా. నా తొట్టి నిండిన నెలకి మలేరియా విభాగం అమ్మాయి వచ్చి టార్చి వేసి మరీ చూసింది. తొట్టిలో ఒక్క పురుగు లేదు. తర్వాత ఇంట్లోకి వచ్చి ఫ్రిజ్ వెనక ట్రే లాగింది. అందులో బుడుంగు బుడుంగుమంటూ ఉన్నాయి. ఇంకోటి హాల్లో మనీప్లాంట్ సీసాలో. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళూ దోమల్ని పెంచింది ఫ్రిజ్జు, నింద పడింది చేపల తొట్టి మీద.

మూడోది పసిపిల్లలు. ఇందులో వాదన లేదు. పక్కింటి మనవడికి రెండేళ్ళు. అంత చిన్నపిల్లలకి జానెడు నీళ్ళు కూడా ప్రమాదమే. రెండడుగుల గోడ వాళ్ళని ఆపదు, పైగా ఎక్కడానికి పిలుస్తుంది. నీటి మట్టానికి రెండంగుళాల కింద వెల్డ్ మెష్ బిగించాను, పెద్దవాళ్ళ చెయ్యి ఆనించినా వంగనంత గట్టిది. వెనక తలుపుకి పైన గడియ పెట్టించాను. ఇది ఎవరో చెప్పారని చేయలేదు, నాకే నిద్ర పట్టక చేశాను.

నాలుగోది వాస్తు. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలట. మా ఈశాన్యంలో బోరు ఉంది. పెరడు నైరుతి. "నైరుతిలో నీళ్ళా, ఇంటి యజమానికి మంచిది కాదు" అన్నారు ఒక పెద్దావిడ. నేను అడిగాను, "యజమాని అంటే ఎవరండీ? ఇంటి రిజిస్ట్రేషన్ నా పేరునే ఉంది." ఆవిడ ఏమీ అనలేదు. ఆ నైరుతి మూలే పన్నెండు వందల లీటర్ల సింటెక్స్ ట్యాంకు మేడమీద ఏళ్ళ తరబడి ఉంది. అందులో ఉన్నవి నీళ్ళు కాదు కాబోలు.

అయితే అభ్యంతరాలన్నిటికీ జవాబులు చెప్పాక కూడా ఇంట్లో వాతావరణం మారలేదు. అప్పుడు అర్థమైంది. అడ్డు నీళ్ళూ కాదు, దోమలూ కాదు. నేను అడగలేదు. అసలు గొడవ అది. "చేద్దామా?" అనలేదు, "చేస్తున్నాను" అన్నాను.

ఇక పని సంగతి. మీలో ఎవరైనా మొదలుపెడితే ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను, నా తప్పులతో సహా.

కలప విషయంలో అందరూ కొత్త టేకు అన్నారు. దాని ధర విని వెనక్కి వచ్చాను. పాత ఇళ్ళ కలప యాభై అరవై ఏళ్ళు ఎండి, వంగేదంతా వంగి, ఇక కదలనని కూర్చుంటుంది. మన సముద్రపు గాలికి కొత్త పచ్చి చెక్క నెలల్లో మెలితిరుగుతుంది. ఇనుప మేకులు వద్దు, ఉప్పు గాలికి తుప్పు పట్టి చెక్కని కూడా తింటాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు కొన్నాను. చెదల మందు పూస్తానని వడ్రంగి అన్నాడు. వద్దన్నాను. ఆ మందు నాలుగు చుక్కలు నీళ్ళలో పడితే చేపలు చస్తాయి. దానికి బదులు నేల మీద ఒక వరస ఇటుకలు పరిచి, చెక్క మట్టికి తగలకుండా లేపి పెట్టాను. బయటివైపు అవిసె నూనె రాశాను.

వడ్రంగి సగం రోజు వచ్చి కోతలు కోసి వెళ్ళిపోయాడు. మిగిలింది నేనే చేశాను. మావారు ఆన్‌లైన్‌లో కొని, రెండుసార్లు వాడి, పెట్టెలో పెట్టిన డ్రిల్లింగ్ మెషిన్ నాకు పనికొచ్చింది. మట్టం చూడ్డానికి మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబు తెచ్చుకున్నాను. ఇది ముఖ్యం. నేల అంగుళం వాలి ఉన్నా మనకి తెలియదు, నీళ్ళు పోయగానే ఒకవైపు అంచు దాకా వచ్చి, ఇంకోవైపు అంగుళం చెక్క ఖాళీగా కనిపించి వీధంతా చెప్తాయి.

లోపల షీటు సంగతి. ఆరడుగుల తొట్టికి ఆరడుగుల షీటు సరిపోదు. అడుగు, రెండు పక్కల గోడలు, పైన మడత, అన్నీ కలపాలి. ఆరుకి రెండూ రెండూ కలిపి, మడతకి ఇంకో రెండు, పన్నెండు. అటువైపు మూడుకి నాలుగు, మడతకి రెండు, తొమ్మిది. పన్నెండు తొమ్మిదులు. చేపల చెరువులకి వాడే మందమైన నల్ల షీటు. కొట్టువాడు, "అంతక్కర్లేదమ్మా, సార్‌ని అడిగి రండి" అన్నాడు. లంగాకి గుడ్డ కొలిచేటప్పుడు మడతకి, కుట్టుకి ఎంత వదలాలో తెలిసిన ఏ ఆడదీ ఈ లెక్కలో తప్పు చేయదు. మూలల్లో షీటు ముడతలు పడుతుంటే చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు ఒకే వైపుకి మడిచి క్లిప్పులు పెట్టాను. ఒక్క చుక్క కారలేదు. ఇది నేను ఎక్కడా నేర్చుకోలేదు, పద్దెనిమిదేళ్ళ నుంచి రోజూ చేస్తున్నదే. షీటు కింద ఇసుక, దాని మీద పాత జంపఖానా. రాళ్ళు గుచ్చుకోకుండా.

అన్నీ అయ్యాయి. నీళ్ళు వదిలాను. రాత్రి తొమ్మిదికి ముప్పావు వంతు నిండింది. చూద్దును కదా, పొడుగు వైపు చెక్కలు మధ్యలో బయటికి ఉబ్బుతున్నాయి. నెలలు నిండిన పొట్టలాగా.

నా తప్పు ఏమిటో చెప్తాను. నీళ్ళ బరువు కిందికే ఉంటుందనుకున్నాను. పక్కలకి తోస్తుందని తెలియదు. ఇరవై ఒక్క అంగుళాల నీళ్ళు ఆరడుగుల చెక్క గోడని తోసే బలం 250 కేజీల పైనే. ఇవన్నీ తర్వాత లెక్క వేసుకున్నవి. మూలల్లో నిలువు ముక్కలు పెట్టి, మధ్యలో పెట్టలేదు. ఈ ఊళ్ళో 1948లో జలఉష అనే ఓడని సముద్రంలోకి వదిలారు, స్వతంత్రం వచ్చాక ఇక్కడ కట్టిన మొదటి పెద్ద ఓడ, నెహ్రూగారు వచ్చారు. కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకి లాగి బీచ్ రోడ్డులో మ్యూజియం చేసి పెట్టారు. నీళ్ళని బయట ఆపడం ఇంత బాగా తెలిసిన ఊళ్ళో, నీళ్ళని లోపల ఆపలేక నేను రాత్రి పదింటికి పైపు పెట్టి తోడేస్తూ కూర్చున్నాను.

మావారు బయటికొచ్చారు. ఒకసారి చూశారు.

"చెప్పానా?" అన్నారు.

చెప్పలేదు. మధ్యలో ఊతం పెట్టమని ఆయన ఒక్కనాడూ చెప్పలేదు. "వద్దు" అన్నారు, అంతే. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు టన్నుల లెక్కల్లో బతికిన మనిషి, అడిగితే ఆ ఊతం మాట చెప్పగలిగేవారేమో. ఆ రోజు ఆయన అన్న "చెప్పానా?"కి అర్థం, "నీకెందుకు ఇవన్నీ?" అని.

న్యాయంగా ఉండాలి కదా, ఇదీ రాస్తాను. ఆ తర్వాత ఆయన లుంగీ ఎగ్గట్టి నాతోపాటు పన్నెండింటి దాకా బకెట్లు మోశారు. కరివేపాకు, మల్లె, పక్కింటి అరటి, అన్నిటికీ నీళ్ళు పట్టాయి ఆ రాత్రి. ఆయన మంచిమనిషి. ఈ పోస్టు ఆయన చెడ్డతనం గురించి కాదు.

కానీ మా ఇంట్లో ఒక ట్రెడ్‌మిల్ ఉంది. 42 వేలు. దాని మీద ఇప్పుడు దుప్పట్లు ఆరేస్తాం. అంతకుముందు షేర్లలో పోయిన డబ్బు ఉంది, ఎంతో నేను అడగలేదు. భీమిలి వైపు కొన్న స్థలం ఒకటి ఉంది, దారి లేదు. ఇవన్నీ మా ఇంట్లో "అనుభవాలు". ఎవరూ "చెప్పానా?" అనలేదు. నేను చెప్పాను కూడా, స్థలం విషయంలో. అయినా అనలేదు. అంటే ఇంట్లో మర్యాద పోతుంది. నా తొట్టికి మొత్తం అయింది 12,300. కలప 6,500, షీటు 1,300, స్క్రూలూ అవీ 1,100, వడ్రంగికి 600, మెష్ 1,200, పంపు 700, చేపలు, మొక్క 900. పంపు 18 వాట్లది, రోజంతా తిరిగినా నెలకి 13 యూనిట్లు. ఈ 12,300కి పదిమందికి సంజాయిషీ చెప్పుకున్నాను.

నేను చాలా రోజులు అనుకున్నాను, మన ఆడవాళ్ళకి లేనిది డబ్బు అని. తర్వాత టైము అని. ఈ తొట్టి కట్టాక నాకు వేరే మాట తోచింది. మనకి లేనిది తప్పు చేసే హక్కు. మగాడు చేసిన తప్పు వాడికి పాఠం అవుతుంది. మనం చేసిన తప్పు మనకి తీర్పు అవుతుంది, మళ్ళీ ఆ జోలికి వెళ్ళకూడదని. అందుకే మనం మొదటిసారి ఏదీ చేయం. మొదటిసారి చేసే ఏ పనైనా కాస్త చెడుతుంది కదా. చెడగొట్టే చనువు లేనివాళ్ళు ఎప్పటికీ నేర్చుకోలేరు. వంట ఎందుకొచ్చింది మనకి? మొదటి వందసార్లు మాడ్చాం కాబట్టి. అక్కడ మాత్రం మాడ్చనిచ్చారు, ఎందుకంటే ఆ పని ఇంకెవరూ చేయరు.

"విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని 1966లో రోడ్డెక్కిన ఊరు మాది. హక్కు అనే మాట ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. ఇంటి గేటు లోపలికి వచ్చేసరికి ఎందుకో ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు మన వైపు కూడా చూద్దాం. "సార్ ఉన్నారా?" అని బయటివాళ్ళు అడగడం ఒక ఎత్తు. "ఆయన్నడిగి చెప్తాను" అని మనం అనడం ఇంకో ఎత్తు. నేను ఎన్నిసార్లు అన్నానో! చీటీ వేయమని ఎవరైనా మొహమాటపెడితే "ఆయన్నడగాలి". టూరుకి రమ్మంటే "ఆయన్నడగాలి". అడగక్కర్లేని విషయాలకి కూడా. నిజం చెప్పాలంటే అది నాకు సుఖంగా ఉండేది. కాదనాల్సి వస్తే ఆ చెడ్డపేరు ఆయనకి, పని చెడితే ఆ తప్పు ఆయనది. నేను ఎప్పుడూ మంచిదాన్నే. అలా ఇరవై ఆరేళ్ళు ఆయన వెనక దాక్కుని, ఇప్పుడు అడితివాడు ఆయన కోసం నా వెనక్కి చూస్తే కోపం వస్తే ఎలా? వాడికి ఆ అలవాటు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

చెక్కలు విప్పి, ఒక్కో పొడుగు వైపునా రెండేసి నిలువు ముక్కలు అదనంగా వేసి, బోల్టులు బిగించి, పైన అడ్డంగా ఒక కర్ర కట్టు వేశాను. పది రోజులు పట్టింది. మళ్ళీ నింపాను. వెంట్రుకవాసి కదల్లేదు.

ఇంకో తప్పు మిగిలి ఉంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోవాలని రెండు రోజులు ఆగాను, అంతవరకు సరే. మూడో రోజు ఆరు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి వేసేశాను. ఐదు రోజుల్లో నాలుగు పోయాయి. కొత్త నీళ్ళు చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి గాని, చేప విసర్జించే అమ్మోనియాని మార్చే బాక్టీరియా అందులో ఇంకా పుట్టి ఉండదు. అది స్థిరపడ్డానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల ఒకటి రెండు గట్టి చేపలు మాత్రమే వేసి, తిండి తక్కువ పెట్టి, నీళ్ళు కొంచెం కొంచెం మారుస్తూ ఓపిక పట్టాలి. కొట్టులో ఇంకో సలహా ఇచ్చారు, పాచి తినడానికి సక్కర్ చేప వేయమని. అది వేయకండి. మన దగ్గర దెయ్యం చేప అంటున్నది దాన్నే. ఎవరో ఇలాగే పెంచి పెంచి కాలువల్లో వదిలితే కృష్ణలో, చెరువుల్లో చేరి జాలర్ల వలలు చింపుతోంది. ఇప్పుడు నా దగ్గర గప్పీలు ఉన్నాయి, మిగిలిన రెండు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. ఎక్కువైతే అడిగినవాళ్ళకి ఇస్తాను గాని గెడ్డలో పోయను.

ఆ నాలుగు చేపలు పోయినప్పుడు నేను వాటిని మల్లె పాదులో పాతిపెడుతుంటే అత్తయ్య వచ్చి నిలబడ్డారు. "చెప్పానా" అంటారని చూశాను. అనలేదు. విజయనగరం వైపు వాళ్ళ ఊళ్ళో బావిలో చేపలు వేసేవారట, నీళ్ళు తేటగా ఉండడానికి. "కొత్తగా తవ్విన బావిలో వెంటనే వేసేవాళ్ళం కాదే, ఒక వాన పడనిచ్చేవాళ్ళం" అన్నారు.

"ముందే చెప్పొచ్చు కదా అత్తయ్యా" అన్నాను.

"నువ్వు అడగలేదు కదా."

నిజమే. ఇంట్లో మగాళ్ళు కాకుండా అడగాల్సినవాళ్ళు ఇంకొకరున్నారని నాకూ తోచలేదు. ఆవిడకి నీళ్ళ గురించి తెలుసని నేనూ అనుకోలేదు. నేను అడితివాడి కంటే ఏం గొప్ప?

తర్వాత స్టూలు మీద కూర్చుని ఇంకో మాట చెప్పారు. పెళ్ళయిన కొత్తలో క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు ముందు వాకిట్లో జాజి పందిరి వేయించమని మామయ్యగారిని అడిగారట. "చూద్దాంలే" అన్నారట. నాలుగు క్వార్టర్లు మారారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. "నేను అడిగాను, అవ్వలేదు. నువ్వు అడగలేదు, అయింది" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ గొంతులో కోపం లేదు. పాల లెక్క చెప్పినట్టే చెప్పారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. తర్వాతి ఆదివారం తొట్టి పక్కన సరుగుడు కర్రలు నాలుగు పాతి జాజి తీగ వేశాను. ఆవిడ రోజూ దానికి నీళ్ళు పోస్తారు. చేపల సంగతి మాత్రం ఇప్పటికీ "దండగ" అంటారు.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. తొట్టి అయ్యాక ఎదురింటి పెద్దాయన వచ్చి చూశారు. మావారి భుజం తట్టి "బాగా కట్టించారండీ" అన్నారు. మావారు నవ్వి "ఏదో, మేం కట్టాం" అన్నారు. మన భాషలో ఈ తమాషా చూడండి. మేస్త్రీ కడితే డబ్బిచ్చినాయన "నేను ఇల్లు కట్టాను" అంటాడు, ఎవరూ తప్పుపట్టరు. నేను స్క్రూ మీద స్క్రూ బిగించి, బొటనవేలు గోరు ఊడగొట్టుకుని కడితే "మీవారు కట్టించారు". నేను అప్పుడే అన్నాను, "నేను కట్టానండీ. ఆయన బకెట్లు మోశారు." పెద్దాయన ఇబ్బందిగా నవ్వారు. మావారు ఆ సాయంత్రం కాస్త ముభావంగా ఉన్నారు. మర్నాటికి సర్దుకున్నారు. ఇప్పుడు ఎవరైనా వస్తే "మా ఆవిడ కట్టింది" అనే చెప్తున్నారు. ఆ మాట చెప్పడానికి ఆయనకేమీ కష్టం లేదు, మనం చెప్పించాలి అంతే.

అందుకని నేను అనేది ఇది. భయం ఉంటే చెప్పమనండి, వినండి, జాగ్రత్త తీసుకోండి. తెలిసినవాళ్ళ దగ్గర సలహా అడగండి, ఇంట్లో ఉన్న పెద్దావిడ దగ్గర ముందు అడగండి. అనుమతి మాత్రం అడగకండి, అనుమతి అక్కర్లేని విషయాలకి. చేపల తొట్టే కానక్కర్లేదు. ఈతకి వెళ్ళడమో, స్కూటీ నేర్చుకోవడమో, గోడకి మీకిష్టమైన రంగు మీరే వేసుకోవడమో. చెడితే చెడనివ్వండి. "చెప్పానా?" అంటే "అవును, చెడింది, మళ్ళీ చేస్తాను" అనండి. ఆ ఒక్క మాట నోటి వెంట రావడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

మొన్న పోలి పాడ్యమికి ముందు మా వీధి ఆడవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఏటా బేసిన్‌లో నీళ్ళు పోసి అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నాం, ఈసారి మీ తొట్టిలో వదులుకోవచ్చా అని. అందులో దోమలొస్తాయన్న ఆవిడ, నైరుతి అన్న ఆవిడ ఇద్దరూ ఉన్నారు. తప్పకుండా రండి, పసుపు కుంకుమలు నీళ్ళలో వేయకండి, చేపలున్నాయి, దొప్పలు తర్వాత తీసేద్దాం అన్నాను.

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి ఒకావిడ అంది, "మీవారిని ఓ మాట అడగండి మరి, తెల్లవారుజామున అంతమందిమి వస్తే ఏమనుకుంటారో."

"ఆయన్నెందుకు అడగడం? తొట్టి నాది" అన్నాను.